గాదె, త్రాసు, చట్టము



పంట పండించు విద్యలో మీకు చెప్పదగినవాడను కాను. చిరకాలము పాఠశాలలో పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. మాది సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి. మా పెద్దలు నాగలి పట్టిరి. నేను పుస్తకము పట్టితిని. అందుచేత నేడు నేను మనవి చేయబోవునది దుక్కిని గూర్చి కాదు, ఎరువును గూర్చి కాదు. కోత ముగిసి ధాన్యము కళ్లమునుండి కదలిన పిమ్మట నడచు కథను గూర్చి.

కళ్లము దాటిన ధాన్యమును మూడు ప్రశ్నలు వెంబడించును. దానిని కొలుచువాడెవడు? దానికి వెల కట్టువాడెవడు? ఆ వెల నచ్చనిచో, మంచి వెల వచ్చువఱకు దానిని నిలిపియుంచగలవాడెవడు? ఈ మూడింటికిని ప్రభుత్వములు చట్టములద్వారా ఇచ్చిన సమాధానముల చరిత్రయే నేటి ప్రసంగము. మొదటి రెండు ప్రశ్నలకు చట్టము చాలవఱకు సమాధానము చెప్పినది. మూడవదానికిని చెప్పినదిగాని, ఆ సమాధానము ఇంకను మన పల్లెలకు సరిగా చేరలేదు. నేను నిరూపింపదలచినది ఇంతమాత్రమే.

ధాన్యపు నిలువ మన పూర్వులకు క్రొత్త విషయము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుడను అధికారి కనబడును. చేరిన సరకులో సగమును జనపదములకు ఆపద వచ్చినపుడు వాడుటకై తీసి ఉంచవలెననియు, తక్కిన సగమునే వాడుకొనవలెననియు, క్రొత్తది వచ్చినకొలది పాతదానిని మార్చుచుండవలెననియు అందు విధింపబడినది. తూనికలను, కొలతలను కనిపెట్టియుండుటకు పౌతవాధ్యక్షుడని వేఱొక అధికారి కలడు. గోరఖ్‌పూరు ప్రాంతమున సోహగౌరాయందు దొరికిన లోహఫలకము ఆపత్కాలమునకై ఏర్పఱచిన ధాన్యాగారములను పేర్కొనుచున్నది. అది మౌర్యులనాటిదని పండితులు పలువురు తలంతురు.

మన తెలుగునాటి సంగతి చూతము. మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున ఒక అభయశాసనము వేయించెను. ఓడ పగిలి ఒడ్డున పడిన వర్తకుని సొమ్మును పూర్వపు రాజులు బలిమిని లాగికొనుచుండిరనియు, తాను మాత్రము నియతమైన సుంకము తప్ప మఱేమియు తీసికొననియు దాని భావము. అది సముద్రవ్యాపారమునకు సంబంధించినదే కాని ధాన్యమునకు కాదు. అయినను వర్తకమును గూర్చిన మంచి శాసనము ఎట్లుండవలెనో అది తెలుపుచున్నది. బలవంతుడు ఇంతకు మించి తీసికొనరాదని హద్దు గీయుట, ఆ హద్దును రాతిమీద చెక్కించి అందఱి కన్నులయెదుట నిలుపుట – ఈ రెండును అందు కలవు.

పల్లెలలో రైతు తన నిలువను తానే చూచుకొనుచుండెను. వెదురుతో అల్లి పేడయు మట్టియు కలిపి మెత్తిన గుమ్మి, ఇంటిలోని గాదె, నేలలో త్రవ్వి గడ్డి పఱచి మూసిన పాతర – ఇవి వాని గోదాములు. పాతర తెఱచిననాడు లోని చెడుగాలి పోవువఱకు ఎవరిని దిగనీయని జాగ్రత్త మీలో పెద్దవయసువారు ఎఱిగినదే. తిండికి, విత్తనమునకు, పాలికాపు కూలికి, కమ్మరి వడ్రంగుల మేరలకు ధాన్యమే చెల్లుచుండినంతకాలము రైతు ధాన్యమును తొందరపడి అమ్మవలసిన పని తక్కువగా నుండెను. దొరతనమునకు చెల్లవలసిన భాగమును పెక్కుచోట్ల ధాన్యరూపముననే పోవుచుండెను. ఆ కాలము సుఖకాలమని నేననను. శిస్తు గుత్తకు పట్టినవారి దోపిడియు, కఱవులును రైతును పీల్చివేసినవి. కాని కోసిననాడే అమ్మవలసిన నిర్బంధము నాడు నేటివలె లేకుండెను.

ఆ నిర్బంధము ఎప్పుడు వచ్చినది? హైదరాబాదు రాజ్యమున మొదటి సాలారుజంగు 1853లో దివానై, గుత్తపద్ధతిని క్రమముగా తొలగించి, 1865లో జిల్లాల ఏర్పాటు చేసెను. తరువాత భూములు కొలిపించి, నగదు శిస్తు నిర్ణయించు పద్ధతి వ్యాపించినది. ఇది మేలైన సంస్కారమే. గుత్తదారుని ఇష్టము పోయి లెక్క వచ్చినది. అయితే దానివెంట ఒక చిక్కును వచ్చినది. కిస్తు కట్టవలసిన దినము నిర్ణీతము. దానిని రొక్కముగా కట్టవలెను. రొక్కము కావలెనన్న ధాన్యము అమ్మవలెను. ఊరిలోనివారందఱును ఒకే పక్షమున అమ్మకమునకు దిగినచో వెల పడిపోక ఏమగును? 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడినది. పల్లెలో చౌకగా కొన్న ధాన్యమును దూరదేశములకు చేర్చి అమ్మగల సౌకర్యము వర్తకునికి కలిగినది. ధాన్యమునకు రెక్కలు వచ్చినవి. వానిని కదల్చు నేర్పు మాత్రము రైతుచేతికి రాలేదు.

నగదు, రైలు, పెద్ద బజారు – ఈ మూడును కలిసినచోటనెల్ల ఈ చిక్కే పుట్టినది. అందుకు లోకప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలో కలదు. దానిని కొంచెము వివరముగా చెప్పెదను. మన చట్టముల తత్త్వము దానివలన తేటపడును.

అమెరికాయందు ఇల్లినాయి అను రాష్ట్రము గోధుమలకు, మొక్కజొన్నకు పేరుపడినది. దాని మహానగరము చికాగో. ఆ దేశమున ధాన్యము నిలువచేయుటకు ఎలివేటరులను గొప్ప కట్టడములు లేచినవి. ఆవిరియంత్రముతో నడచు మొదటి ఎలివేటరును బఫెలో నగరమున జోసెఫ్ డార్ట్ అను వర్తకుడు 1842లో కట్టనారంభించెను. పొడవైన పట్టాకు వరుసగా చిన్నచిన్న బకెట్లు బిగింపబడియుండును. యంత్రము పట్టాను త్రిప్పగా బకెట్లు క్రిందనున్న ధాన్యమును ముంచుకొని పైకి కొనిపోయి, మేడలవంటి గాదెలలో క్రుమ్మరించును. అక్కఱ వచ్చినపుడు అడుగు ద్వారము తీసినచో ధాన్యము తనంతట జారి రైలుపెట్టెలోనికో ఓడలోనికో పడును. బస్తాలు లేవు, మూపున మోతలు లేవు.

ఆ గాదెలలో ఒక్కొక్క రైతు ధాన్యము వేఱువేఱుగా ఉండదు. ఒక తరగతి ధాన్యమంతయు ఒక్కటిగా కలిసిపోవును. రైతుచేతికి వచ్చునది ఒక కాగితము: ఇంత ధాన్యము, ఇట్టి తరగతిది, మాయొద్ద కలదని తెలుపు రసీదు. తూకము తగ్గించినను, మేలైనదానిని నాసిరకమని వ్రాసినను, నిలువకూలి హెచ్చుగా గుంజినను రైతు ఎవరితో చెప్పుకొనవలెను? 1874 నాటికి చికాగోలో ఇట్టి గోదాములు 14 ఉండెను. వానిని నడపుచుండిన సంస్థలు 9 మాత్రమే. అవి ఏటేట కూడబలుకుకొని కూలి నిర్ణయించి ప్రకటించుచుండినవి. పడమటి మైదానముల పంట తూర్పు ఓడరేవులకు పోవుటకు ఆ గోదాములే ముఖ్యద్వారము.

రైతులు ఊరకుండలేదు. 1867లో పుట్టిన గ్రేంజి అను కర్షకసంఘము దేశమున వ్యాపించినది. రైతులును, వర్తకులలో గిట్టుబాటు లేనివారును మొఱపెట్టగా ఇల్లినాయి ప్రజలు 1870లో తమ రాజ్యాంగముననే ధాన్యపు గోదాములను గూర్చి ఒక అధ్యాయము చేర్చుకొనిరి. 1871లో శాసనసభ చట్టము చేసినది. పెద్ద నగరములందలి గోదాముదారులు అనుమతిపత్రము పొందవలెను. మొదటి 30 దినములకు బుషెలుకు 2 సెంట్లకు మించి కూలి తీసికొనరాదు. బుషెలనగా గోధుమలలో సుమారు 27 కిలోలు. మన్ అండ్ స్కాట్ అను సంస్థ ఈ విధులను పాటింపలేదు. న్యాయస్థానము 100 డాలర్లు జరిమానా వేసినది. ‘గాదె మా సొత్తు, దాని కూలి నిర్ణయించుటకు మీరెవరు?’ అన్నది వారి వాదము. వ్యాజ్యము ఆ దేశపు సుప్రీంకోర్టువఱకు పోయినది.

1877లో తీర్పు వచ్చినది. ప్రధానన్యాయమూర్తి వెయిట్ పక్షమున ఏడుగురు, ఎదుటిపక్షమున ఇద్దరు. ఒకడు తన సొత్తును ప్రజలందఱు ఆధారపడు పనికి వినియోగించినప్పుడు, ఆ వినియోగమున ప్రజలకును పాలు కలుగుననియు, కావున ప్రజల మేలుకొఱకు శాసనమునకు వాడు లోబడవలెననియు ఏడుగురి నిర్ణయము. మంజీర రేవున పడవ ఒక్కనిదే యనుకొందము. పడవ వాని సొత్తే, కాదనువారు లేరు. అయినను ఊరివారందఱు అందే దాటవలసియుండగా వాడు కోరినంత కూలి అడుగుట తగునా? ఆ తీర్పులోని తర్కమిట్టిదే. ఎదుటిపక్షమున నిలిచిన న్యాయమూర్తి ఫీల్డ్ మాటయు తేలికగా త్రోసివేయదగినది కాదు: ఇట్లయినచో ఎవరి సొత్తునకైనను శాసనసభ దయయే గతియగునని ఆయన శంకించెను. ఈ రెండు మాటల నడుమనే నాటినుండి నేటివఱకు లోకమున వర్తకచట్టములన్నియు ఊగుచున్నవి.

ఇక మన దేశమునకు వత్తము. బీరారు నిజాముగారి రాజ్యభాగము. 1853 ఒడంబడికచే దాని పాలన ఆంగ్లేయులచేతిలోనికి పోయినది. అది పత్తిదేశము. అచ్చటి కారంజా పట్టణమున 1886లో పత్తి మార్కెటును ప్రభుత్వపు కట్టుబాటునకు లోబఱచిరి. 1897లో బీరారు పత్తి, ధాన్య మార్కెట్ల చట్టము వచ్చినది. కట్టుబాటుగల మార్కెట్లకు మన దేశమున పుట్టినిల్లు ఇదే. ఆంగ్లదేశపు మిల్లులకు మంచి పత్తి సరియైన తూకముతో దొరకుట వారి అవసరము. అందుచేత చట్టము మొదట పత్తిని ఆదుకొనినది. జొన్న, వరి వెనుక వరుసలో నిలిచినవి.

అప్పటి బజారుల తీరు మీలో కొందఱు చూచియుందురు. దళారియు వర్తకుడును చేతులమీద గుడ్డ కప్పుకొని, వ్రేళ్లు పట్టుకొని బేరము చేయుదురు. రైతు ప్రక్కనే నిలిచియుండును. తన సరకునకు పలికిన వెల వానికే తెలియదు. పిమ్మట తఱుగనియు, నమూనా యనియు, ధర్మమనియు, గోశాల యనియు, తూకపువానికనియు, ఊడ్చువానికనియు పిడికెడు పిడికెడు తీసి, మిగిలినదానికి లెక్క కట్టుదురు. ధర్మమునకని రైతుసొమ్ము తీసి పుణ్యము వర్తకుడు కట్టుకొనుట ఎట్టి ధర్మమో ధర్మశాస్త్రములు చదివిన నాకును బోధపడలేదు. లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షుడుగా వ్యవసాయమును విచారించిన రాయల్ కమిషను 1928లో తన నివేదికయందు ఈ దురాచారములను వర్ణించి, దేశమంతటను కట్టుబాటుగల మార్కెట్లు పెట్టవలెనని సలహా యిచ్చినది.

హైదరాబాదు రాజ్యమున ఆ పని ఆలస్యము కాలేదు. 1339 ఫసలీలో, అనగా 1930 ప్రాంతమున, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. మదరాసు రాజధానిలో వాణిజ్యపంటల మార్కెట్ల చట్టము 1933లో వచ్చినది. ఇట్టి చట్టముల సారాంశమిది: ప్రకటించినచోట మార్కెటు కమిటీ యుండవలెను, కమిటీలో పండించువారికిని స్థానముండవలెను, వర్తకుడు, దళారి, తూకపువాడు అనుమతిపత్రము పొందవలెను, బేరము బహిరంగముగా జరుగవలెను. మన మొదటి రెండు ప్రశ్నలకు చట్టము నోరు విప్పినది ఇక్కడనే. 1937లో సరకును తరగతులుగా విభజించి ముద్ర వేయు చట్టము దేశమంతటికి వచ్చినది. అగ్‌మార్కు అను ముద్ర దానిదే.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. 1943లో వంగదేశమున ఘోరక్షామము సంభవించినది. హైదరాబాదు ప్రభుత్వము రైతులనుండి లెవీ గల్లా నిర్బంధముగా సేకరింపసాగినది. పట్టణములలోని జనమునకు తిండి పెట్టుట ప్రభుత్వధర్మమే. అయితే భారము పడినతీరు వేఱు. వందల ఎకరములుగల దొరలు, లెక్కలు వ్రాయు గ్రామాధికారులు తమ నిలువలను దాచుకొనగలిగిరి. చిన్నరైతు విత్తనపు గింజలనుసైతము ఊడ్చి యిచ్చుకొనవలసివచ్చినది. 1946నుండి 1951వఱకు తెలంగాణమున జరిగిన సాయుధపోరాటమునకు వెట్టి, బేదఖళ్లతోపాటు ఈ లెవీయు ఒక కారణము. పెక్కు గ్రామములందు జనులు దొరల గాదెలు తెఱచి ధాన్యము పంచుకొనిరి. కొలుచుట, వెల కట్టుట, నిలుపుట – ఈ మూడును ఒక్క బలవంతునిచేతనే చిక్కి, చట్టము వాని ప్రక్కన నిలిచిననాడు ఏమి జరుగునో ఆ చరిత్ర చెప్పుచున్నది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరినది. ఆ తరువాతి ఇరువదియేండ్లలో ధాన్యమును గూర్చిన చట్టములు వరుసగా వచ్చినవి. 1955లో నిత్యావసరవస్తువుల చట్టము వచ్చి, దాచి వెల పెంచువారిని అదుపుచేయు అధికారము ప్రభుత్వమునకు కలిగించినది. 1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి క్రమక్రమముగా శేరు, మణుగు, మానిక, కుంచములకు మాఱుగా కిలోగ్రాము వచ్చినది. ఊరూరికి వేఱుగా నుండిన కొలత పోవుట రైతునకు గొప్ప మేలు. తన ఊరి కుంచము ఎంతయో, పట్టణపు కుంచము ఎంతయో ఎఱుగని అమాయకుడు మోసపోవుట తగ్గినది. 1965లో భారత ఆహారసంస్థ పుట్టి కొనుగోలు, నిలువ, పంపిణీల భారమును వహించినది.

ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాత మదరాసు చట్టమును, హైదరాబాదు చట్టమును రద్దుచేసి, రెండు ప్రాంతములకు ఒక్కటిగా 1966లో వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టము చేయబడినది. అందు మార్కెటు రుసుము కొనువాడే చెల్లింపవలెనను నియమము ముఖ్యమైనది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మటను అదే చట్టము ఈ రాష్ట్రపు పేరుతో నడచుచున్నది. మన జిల్లాలో సదాశివపేట, జోగిపేట, జహీరాబాదు, నారాయణఖేడు, పటాన్‌చెరు మొదలగుచోట్ల మార్కెటు కమిటీలు దానిక్రిందివే.

చట్టము వచ్చినంతనే కళ్లము మాఱలేదు. ‘దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడు’ అను సామెత ఊరకనే పుట్టలేదు. 1966 చట్టము అమలులోనికి వచ్చిన కొన్నేండ్లకు, నా బాల్యమున, మా కళ్లమున జరిగినది నాకు గుర్తున్నది. పట్టణమునుండి ఒక వర్తకుడు బండి తోలుకొని వచ్చెను. కిలోలరాళ్లు తేలేదు, తన కుంచమే తెచ్చెను. మొదటి కుంచమును ఒకటి యనక ‘లాభము’ అని ఎత్తి, జొన్నలు కొలుచుకొనెను. మా నాయన వెల తక్కువయని ఎఱుగును. కొలత పెద్దదనియు ఎఱుగును. అయినను మాఱుపలుకలేదు. వానకాలమున విత్తనములకు తెచ్చిన అప్పు ఆ వర్తకునిదే. అటుపిమ్మట మూడునెలలకే జొన్నల వెల పెరిగినది. తిండిగింజలు చాలక మేమును కొంటిమి. ఆనాడు సంగారెడ్డిలో చట్టము కలదు, పట్టణమున మార్కెటు కలదు. లేనిది ఒక్కటే – మూడునెలలు ఆగగల శక్తి.

ఆగగల శక్తి ధైర్యముచేత రాదు. గోదాముచేత, అప్పుచేత వచ్చును. ఈ సంగతి ప్రభుత్వమునకు తెలియదనరాదు. గోర్వాలా అధ్యక్షతన గ్రామీణ ఋణములను పరిశీలించిన సంఘము 1954లో ఇచ్చిన నివేదికలో గోదాములను, సహకారసంఘములను, బ్యాంకులను ఒక గొలుసుగా చేర్చుమని చెప్పినది. 1956లో చట్టము వచ్చినది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ గిడ్డంగుల సంస్థ ఏర్పడినవి. దాని మూలసూత్రము చికాగో రసీదువంటిదే. రైతు ధాన్యమును గోదామున ఉంచి రసీదు పొందవలెను. ఆ రసీదు చూపి బ్యాంకులో అప్పు పొందవలెను. కిస్తు, కూలి, పెండ్లి ఖర్చు దానితో గడుపుకొని, వెల బాగుగా వచ్చిననాడు అమ్మి అప్పు తీర్పవలెను. ఎంత చక్కని యోచన!

మఱి అది పల్లెకు ఏల చేరలేదు? గోదాములు పట్టణములలో లేచినవి. వానిలో చాలభాగము ప్రభుత్వసంస్థల నిలువలకే సరిపోయినది. చిన్నరైతు పదిబస్తాలు బండికెత్తి పట్టణమునకు పోవుట, తేమ చూపించుట, కాగితములు వ్రాయించుట, మఱల బ్యాంకునకు పోవుట – ఇన్ని గడపలు తొక్కుటకంటె కళ్లమునకు వచ్చిన వర్తకునికి ఇచ్చివేయుటయే సులభమని తలచెను. అదిగాక, రకరకముల గింజలు కొద్దికొద్దిగా పండు మన చేలలో, అమెరికావలె తరగతి చూచి అన్నిటిని ఒక్క గాదెలో కలుపుట కష్టము. కావున యంత్రపు గాదె మనకు అక్కఱలేక కాదు. అంతకు ముందుగా ఊరిప్రక్కన పొడిగానుండు చిన్న గోదాము, నమ్మదగిన రసీదు మనకు అక్కఱ.

చట్టము ఈ త్రోవలో ఆగిపోలేదు. మార్కెటు కమిటీ గోదామున ఉంచిన సరకుమీద విలువలో నూటికి 75 వంతులవఱకు అప్పిచ్చు ఏర్పాటు రైతుబంధు పేరున వచ్చినది. 2018లో మొదలైన పెట్టుబడిసాయమును ఆ పేరుతోనే పిలిచిరి కాని, ఇది దానికి ముందటిది, వేఱైనది. 2007లో పార్లమెంటు గోదాముల అభివృద్ధి, నియంత్రణ చట్టము చేయగా 2010లో అది అమలులోనికి వచ్చినది. దానిక్రింద నమోదైన గోదాము ఇచ్చు రసీదును చేతులు మార్చవచ్చును, తాకట్టు పెట్టవచ్చును. 2016 ఏప్రిలు 14న ఇ-నామ్ అను దేశవ్యాప్త మార్కెటు ఏర్పాటు మొదలై, ఒకచోటి సరకునకు దూరమునుండి బేరము చెప్పు వీలు కలిగినది. గుడ్డక్రింద వ్రేళ్ల బేరము పోయి, తెరమీద అందఱికి కనబడు బేరము వచ్చుట చిన్న మార్పు కాదు.

2020లో కేంద్రప్రభుత్వము మూడు చట్టములు తెచ్చినది. మార్కెటు యార్డులకు వెలుపల రుసుము లేకుండ కొనుగోలు చేయనిచ్చుట, ముందుగా ఒప్పందము చేసికొని పండించుట, నిలువలమీది కట్టడిని సడలించుట వాని ముఖ్యాంశములు. పంజాబు, హర్యానాదుల రైతులు ఢిల్లీ పొలిమేరలలో ఏడాదికిపైగా కూర్చుండిరి. 2021 నవంబరులో ఆ చట్టములు రద్దైనవి. ఏ పక్షము న్యాయమో తేల్చుట ఈ ప్రసంగపు పని కాదు. కాని ఆ తగవు దేనిమీదనో గమనింపుడు. కొనువాడెవడు, వెల ఎక్కడ తేలును, నిలువ ఎవరిచేత నుండును – ఇవి మనము మొదట వేసికొన్న ప్రశ్నలే.

మన జిల్లాలోనే మంచి ఉదాహరణము కలదు. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత స్త్రీల సంఘములు 1990ల దశకమున బీడుభూములు సాగుచేయించి, పండిన జొన్నలను ఊరిలోనే నిలువచేసి, ఊరిలోని బీదలకే తక్కువ వెలకు పంచు ఏర్పాటు చేసికొనినవి. దానిని సామాజిక ధాన్యనిధి యనిరి. ఊరి ధాన్యము, ఊరి కొలత, ఊరి గాదె. పెద్దచదువులు లేని స్త్రీలు కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షునికి చెప్పిన పనిని తమంతట తాము చేసి చూపిరి.

మా కాజీపల్లి వైపు చూతము. పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి ప్రాంతములు కర్మాగారముల వాడలైనవి. చెఱువులలోనికి మురుగుజలము చేరినదను వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు పోయినది. సేద్యము చేయు కుటుంబములు తగ్గినవి. తగ్గినవారి బలమును తగ్గును. పదిమంది కలిసి బండి కట్టగలిగినచోట ఇద్దరు మిగిలినచో వర్తకుని మాటయే చెల్లును. ఇంకొక చిత్రము. మాకు దగ్గఱనే పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనసంస్థయందు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పంటల విత్తనముల నమూనాలు లక్షకుపైగా చల్లని గదులలో భద్రముగా ఉన్నవి. లోకపు పంటల విత్తనములకు అంత చక్కని గాదె కట్టగలిగినచోట, ప్రక్క ఊరి రైతు జొన్నలకు మూడునెలల నీడ కల్పించుట అసాధ్యమా?

కావున పెద్దలకు నా మనవి. గోదాము రసీదు పుచ్చుకొనునపుడు తూకము, తరగతి, తేదీ, ఎంతకాలమునకు ఎంత కూలి, బీమా కలదా లేదా అన్నవి వ్రాసియున్నవో లేదో చదివించుకొనుడు. ఆ గోదాము నమోదైనదేనా అని అడుగుడు. వరి తేమ నూటికి 17కు లోపుగా ఉన్నగాని ప్రభుత్వ కేంద్రములలో కొనరు. కావున ఆఱబెట్టుటకు చదునైన కళ్లము ఊరికి ఒకటైన ఉండవలెను. కొద్దికొద్దిగా పండించువారు సహకారసంఘముద్వారా సరకు కలిపి ఒక్క బండిగా తోలుడు. గ్రామసభ జరిగిననాడు రోడ్డును, వీధిదీపమును అడిగినట్లే, ఈ ఊరికి దగ్గఱి గోదాము ఏది, అందు చిన్నరైతునకు చోటెంత అని అడిగి, ఆ మాటను తీర్మానములో వ్రాయించుడు.

కొలుచువానికి, వెల కట్టువానికి చట్టము హద్దు గీచినది. ఆ హద్దు మన తాతలు పొందని మేలు. వేచియుండు శక్తిని మాత్రము చట్టము కాగితముమీద ఉంచి, తీసికొనుమని మనకు వదలినది. దానిని ఊరికి తెచ్చుకొనుట ఊరివారి పని. ఇల్లినాయి రైతులు అడిగిరి కనుకనే వారి చట్టము పుట్టినది; జహీరాబాదు స్త్రీలు చట్టము చేరువఱకు ఆగక తమ గాదె తాము నింపుకొనిరి. ఈ రెండు త్రోవలలో ఏది మీ ఊరికి తగునో మీరే యోచించుకొనుడు. సెలవు.